మూడో కంచం

ఆ ఉదయం ఆకాశం నిండా మబ్బు పట్టి ఉంది. నల్లమడ వాగు మీదుగా వచ్చి మా కల్లాల మీద ఆగి, అక్కడే కూర్చుంది. కురవదు, పోదు. ఆరబోసిన మిరపకాయల మీద జనం పట్టాలు లాగుతున్నారు. ఆ మసక వెలుగులో కాయల ఎరుపు నలుపుకు తిరిగింది. ఊళ్ళో ఎవరి నోట విన్నా వాన మాటే. నేను మాత్రం గుంటూరు నుంచి రావలసిన కారు కోసం చూస్తున్నాను.

శ్యామ్ సుందర్ అనే ఆయన మా ఇంటికి వీడియో తీయడానికి వస్తున్నాడు. పెళ్ళి వీడియో కాదు, కోర్టు వీడియో. నా భార్య మహిమ పొద్దున లేచిన దగ్గర్నుంచి పొద్దుగూకేదాకా ఎలా ఉంటుందో తీసి జడ్జిగారికి చూపించాలి.

పోయిన ఏడు మిరపకోతలకు పోతుంటే కాలవ మలుపులో ఒక లారీ ఒరుసుకుపోయి, ఆడవాళ్ళున్న ట్రాక్టరు ట్రక్కు కాలవలోకి ఒరిగింది. చాలామందికి దెబ్బలు తగిలాయి. ప్రాణం పోయింది రహిమున్నీసాకు ఒక్కదానికే. ట్రక్కులో ఆమె పక్కన కూర్చున్నది మహిమ. మహిమ తలకు తగిలిన దెబ్బ పైకి మానింది. జుట్టు కూడా మళ్ళీ వచ్చింది.

కోతలో వాళ్ళిద్దరూ జత. మా వైపు మిరప సాలుకు ఇటొకరు అటొకరు నిలబడి కోసుకుంటూ పోతారు. పెళ్ళయి ఈ ఊరొచ్చినప్పటి నుంచీ మహిమకు ఆ పక్కన రహిమున్నీసా తప్ప ఇంకెవరూ నిలబడలేదు. ఇద్దరూ రెండేసి బాక్సులు మోయడమెందుకని ఒక ఏర్పాటు చేసుకున్నారు. అన్నం మహిమ తేవాలి, కూర రహిమున్నీసా తేవాలి. గట్టు మీద కూర్చుని కలిపి తినేవాళ్ళు.

ఇప్పుడు మహిమ తెల్లవారుజామున లేస్తుంది. ముగ్గురికి సరిపడా అన్నం వండుతుంది. కూర వండదు. చీర మీద నా పాత ఫుల్‌హ్యాండ్ చొక్కా తొడుక్కుని, కాయ ఘాటు తగలకుండా ముఖానికి తువ్వాలు చుట్టుకుని, అన్నం బాక్సు పట్టుకుని రోడ్డు మలుపులో నిలబడుతుంది. మొదట్లో ముఠా ట్రాక్టరు ఆగేది. ఎక్కేది కాదు. ట్రక్కులో ఉన్నవాళ్ళందరి ముఖాలూ చూసేది. అందరివీ తువ్వాలు చుట్టిన ముఖాలే, కళ్ళు తప్ప ఏమీ కనిపించవు. ఆ కళ్ళలోకే ఒక్కొక్కరిగా చూసుకుంటూ పోయేది. కొన్నాళ్ళకు ముఠా మేస్త్రి బుడే నన్ను పక్కకు పిలిచాడు.

"ఏమనుకోమాక యేసుపాదం. ఆడోళ్ళు బెదిరిపోతన్నారు. రేపట్నించి డొంక దారిన పోతాం" అన్నాడు.

ఇప్పుడు ఆ మలుపులోకి ట్రాక్టరు రాదు. మహిమ నిలబడుతూనే ఉంది.

మధ్యాహ్నం మూడు కంచాలు పెడుతుంది. నాకు, తనకు, రహిమున్నీసాకు. అన్నం వడ్డించి గుమ్మం వంక చూస్తూ కూర్చుంటుంది, కూర రావాలని. మా అక్క రెబ్కా ఎదురింట్లోనే ఉంటుంది. ఆమె గిన్నెడు పప్పు తెచ్చిపెడితే "ఇది మనది కాదొదినా" అని పక్కకు జరుపుతుంది. మెతుకులు బిరుసెక్కుతాయి. ఏ సాయంత్రానికో నేను మజ్జిగ పోసి కలిపిస్తే నాలుగు ముద్దలు తింటుంది.

ఒకసారి ఆమె ఒంటరిగా కాలవ దాకా నడిచిపోయింది. నీళ్ళలో దిగి నిలబడి ఉంటే గొర్రెలవాళ్ళు చూసి తీసుకొచ్చారు. అప్పటి నుంచీ నేను పనికి పోయేటప్పుడు బయట తాళం వేస్తున్నాను. కిటికీ ఊచలు పట్టుకుని నేను సందు మలుపు తిరిగేదాకా చూస్తుంది. కేకవేయదు, తలుపు బాదదు. మా అమ్మాయి షారోన్ ఒంగోలు హాస్టల్లో ఉండి నర్సింగ్ చదువుతోంది. పెద్దాసుపత్రిలో చూపిస్తే గుణం ఉంటుందని, పక్కన మనిషి ఉండాలని చెబుతుంది. నష్టపరిహారం కేసు గెలిస్తే ఆ డబ్బుతో చూపించవచ్చు, నేను ఇంటిపట్టున ఉండవచ్చు, ఆ తాళం తీసి పారేయవచ్చు. నాకు కేసంటే అంతవరకే.

కానీ ఆ లారీ ఇన్సూరెన్సు వాళ్ళ దగ్గర ఒక వీడియో ఉంది. క్రిస్మస్ నాడు చర్చిలో మహిమ పాట పాడుతూ నవ్వుతుంటే ఎవరో ఫోన్లో తీశారు. దాన్ని వాళ్ళ లాయరు కోర్టులో వేసి, "ఈమెకు జబ్బేమిటో మీరే చెప్పండి" అని కూర్చున్నాడు.

మా లాయరు కరుణాకర్ గారి ఆఫీసు బ్రాడీపేటలో. వాళ్ళ వీడియో సంగతి తెలిసిన రోజున ఆయన అన్నాడు:

"వీడియోకి వీడియోతోనే చెప్పాలి యేసుపాదం. ఎవరితో తీయిస్తావో అది తేల్చుకో. తీసినవాడు బోనెక్కాలి. నేనే తీశాను, కోయలేదు, అతకలేదు అని సంతకం పెట్టి, అవతలివాళ్ళు అడిగినదానికల్లా జవాబు చెప్పాలి. కెమెరా సంగతి తర్వాత. మనిషి నిలబడతాడా లేదా, అది చూసుకో."

"మా ఊళ్ళో మాబు ఉన్నాడండి. పెళ్ళిళ్ళు తీస్తాడు."

"రహిమున్నీసా భర్తేనా?"

"అతనేనండి."

ఆయన కళ్ళద్దాలు తీశాడు. "అతని కేసు లోక్ అదాలత్‌లో రాజీ అయిపోయింది, ఆ అడ్డం లేదు. కానీ ఊరుకుంటారా? నీ భార్య ఎలా పోయింది, ఎక్కడ కూర్చుంది, నువ్వెప్పుడు చూశావు, ఈమె మీద జాలితో తీశావా అని గుచ్చి గుచ్చి అడుగుతారు. తట్టుకుంటాడా?"

నాకు తెలియదు. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న మాబు, ఏడాదిగా మా గుమ్మం తొక్కలేదు.

"అయితే శ్యామ్ సుందర్ దగ్గరికి పో. కోర్టు వీడియోలు అతనికి అలవాటే. బోనులో బెదరడు" అన్నాడు లాయరు గారు.

శ్యామ్ సుందర్ ఆఫీసు అదే లైన్లో మేడ మీద. మర్యాదస్తుడు. టీ తెప్పించాడు. కేసు కాగితాలు ముందే చదివాడట, కంప్యూటర్లో బొమ్మలతో మా ప్రమాదాన్ని కట్టించి ఉంచాడు. రోడ్డు, కాలవ, ట్రాక్టరు అచ్చం మావిలాగే ఉన్నాయి. ట్రక్కులో ఆడవాళ్ళ బొమ్మలకు మాత్రం ముఖాలు లేవు.

"మీ ఆవిడ ఏ రంగు చొక్కాలో ఉన్నారండి?"

"నీలం గళ్ళది. నాదే."

ఏదో నొక్కాడు. ఒక బొమ్మ మీదకు నా చొక్కా వచ్చింది.

"పక్కనావిడ?"

"బిస్కెట్ రంగుది. వాళ్ళాయనది."

ఇంకో బొమ్మ మీదకు మాబు చొక్కా వచ్చింది. అప్పుడు లారీ వచ్చింది. ట్రక్కు ఒరిగింది. ముఖాల్లేని ఆడవాళ్ళు చప్పుడు లేకుండా కాలవలో పడ్డారు. ఆయన ఇంకోసారి చూపించడానికి వెనక్కి తిప్పాడు. నీళ్ళలోంచి ఒక్కొక్కరూ లేచారు, గాల్లోకి వచ్చి, ట్రక్కులో ఎవరి చోట వాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. బిస్కెట్ రంగు చొక్కా నీలం గళ్ళ చొక్కా పక్కకు వచ్చి కూర్చుంది.

"అక్కడ ఆపండి" అన్నాను.

ఆయనకు వినబడలేదు. లారీ మళ్ళీ వచ్చింది.

"ఎన్నిసార్లయినా వేసుకోవచ్చండి" అన్నాడు.

ఆ బొమ్మ వద్దన్నాను. మహిమ రోజు ఎలా గడుస్తుందో అది తీస్తే చాలన్నాను. సరేనన్నాడు. ఆ రకంగా ఆ మబ్బు పట్టిన రోజున కారు మా సందులోకి వచ్చింది.

తప్పంతా మా ఇంట్లోనే జరిగింది. మా పేటలో వీడియో అంటే పెళ్ళికి, ఓణీల ఫంక్షనుకు, లేదా సమాధికి. మూడింటికీ మనిషిని తయారుచేస్తాం. చచ్చినవాళ్ళకు కూడా తల దువ్వి, కొత్త బట్ట కట్టి కెమెరా ముందు పెడతాం. మా అక్క చీకటితోనే వచ్చి మహిమకు తలంటింది. నూనె రాసి జడ వేసింది. షారోన్ ఓణీల ఫంక్షనుకు కొన్న పట్టుచీర పెట్టెలోంచి తీసి కట్టింది.

"అక్కా, ఇయ్యన్నీ ఎందుకే? ఎట్టా ఉంటదో అట్టానే తీయాలన్నారు" అన్నాను.

"నోరుముయ్యరా. గుంటూరు నించి కెమెరాలు వేసుకొని మనుషులొస్తంటే, నీ చిరుగుల చొక్కా తొడిగి నిలబెట్టాల్నా? జడ్జిగారు చూస్తాడంట! ఈళ్ళకి గతిలేదా అనుకోడూ?"

నాటుకోడి కూడా కోసింది. నేనేం తక్కువ తినలేదు. గుమ్మం కడిగాను. తాళం కప్పను తీసి, ఎవరికీ కనపడకుండా బియ్యం డబ్బా వెనక పెట్టాను.

మహిమ వాళ్ళను చూసి చక్కగా "వందనాలండి" అంది. మంచినీళ్ళిచ్చింది. మధ్యాహ్నం అక్క తెచ్చిన కోడికూర గిన్నె అందుకుని, ఆ వచ్చినవాళ్ళకు కొసరి కొసరి వడ్డించింది. చుట్టాలు వస్తే మా ఇళ్ళలో ఆడవాళ్ళు ఎలా తిరుగుతారో అలాగే తిరిగింది. శ్యామ్ సుందర్ కెమెరా దించి నా వంక చూశాడు.

"కొంచెం దిగులుగా ఉండమని చెప్పండి. కిటికీ దగ్గర కూర్చుని, చెయ్యి బుగ్గన పెట్టుకుని…"

"అమ్మా మహిమా, ఆయన కొంచెం ఏడవమంటన్నాడు" అంది మా అక్క.

మహిమ ఆయన్ను చూసి నవ్వింది.

"అదిగో, ఏడవమంటే నవ్వుతది. నన్ను తీయయ్యా, కావల్సినంత ఏడుస్తా! నా మొగుణ్ణి తలుచుకుంటే చాలు" అంది అక్క. కెమెరా సరంజామా పట్టుకున్నవాళ్ళు కూడా నవ్వారు.

ఆయన మహిమను నులకమంచం మధ్యలో కూర్చోబెట్టాడు. ఆమె ఒక పక్కకు జరిగింది. మళ్ళీ మధ్యకు జరగమన్నాడు. జరిగి, ఆయన కెమెరా దగ్గరికి వెళ్ళేలోపు మళ్ళీ ఆ అంచుకే పోయింది. ఆయన విసుక్కోలేదు, పాపం. కెమెరానే ముందుకు జరుపుకుని, ముఖం ఒక్కటే పడేట్టు తీసుకున్నాడు.

మబ్బు మూడో రోజుకు కురవకుండానే పోయింది. ఆపై వారం కరుణాకర్ గారి ఆఫీసులో ఆ వీడియో చూశాం. మహిమ ముఖం తెర నిండా ఉంది. వెనక ఏదో వాయిద్యం ఏడుస్తోంది. మహిమ నవ్వుతోంది. నవ్వినప్పుడల్లా కుడిపక్కకు తిరిగి నవ్వుతోంది.

లాయరు గారు ఆపేశాడు. "ఆ సంగీతం తీసేస్తే ఈమెకు నాకన్నా ఆరోగ్యం బాగుంది. ఇది వేస్తే ఇన్సూరెన్సు వాళ్ళు మనకు దండ వేస్తారు."

నేను శ్యామ్ సుందర్‌తో అన్నాను: "ఆ పక్క కొంచెం చూపించండి."

"ఏ పక్కండి?"

"ఆమె చూస్తోందే, ఆ పక్క."

"అక్కడేమీ లేదండి. ఖాళీ మంచం."

"అదేనండి."

ఆయన ఒక నిమిషం తెరను చూశాడు. ఎగతాళి చేయలేదు. "ఖాళీ చూపిస్తే జడ్జిగారికి ఏం అర్థమవుతుందండి?" అని అడిగాడు. చూసేవాళ్ళకు అక్కడ ఎవరు కూర్చోవాలో తెలియాలి. తీసేవాడికి ముందు తెలియాలి.

లాయరు గారు నన్ను మెట్ల దాకా సాగనంపాడు. "వచ్చే వాయిదాకు మన సాక్ష్యం మూసేస్తారు. తీయిస్తే ఈలోపే. సంగీతం వద్దు, మాటలు చెప్పించొద్దు. పొద్దున మలుపు, తర్వాత తాళం, మధ్యాహ్నం భోజనం. ఈ మూడు చాలు. దేన్నయినా మొదలుపెట్టాక మధ్యలో ఆపకూడదు. ఆపితే కోసినట్టే లెక్క."

ఆ సాయంత్రం బస్సు దిగి తిన్నగా మాబు కొట్టుకు పోయాను. బస్టాపు పక్కన రేకుల కొట్టు. లోపల ఒక స్టూలు, వెనక నీలం తెర. ఇదివరకు గోడ నిండా పెళ్ళిజంటల ఫోటోలు ఉండేవి. ఇప్పుడు గోడకు మేకులే ఉన్నాయి.

"ఏరా యేసూ, ఏడాదికి దారి దొరికిందా?" అన్నాడు తల ఎత్తకుండా.

"రానిది నువ్వుగదరా."

"కూర్చో. పాస్‌పోర్టు సైజా, ఫుల్ సైజా?"

కూర్చుని సంగతి చెప్పాను. వింటూ లెన్సు తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"మొదట్లో ఒకసారి మీ ఇంటికొచ్చా, నువ్వు లేవు" అన్నాడు. "మహిమ కిటికీ కాడ ఉంది. 'మాబన్నా, రహిమ ఇంకా రాలేదేం?' అంది. లేదమ్మా, రహిమ పోయింది, రాదు అని చెప్పా. అర్థమైనట్టే తలూపింది. నేను మూలమలుపు తిరుగుతుంటే ఎనక నించి కేకేసింది, 'తొరగా రమ్మనన్నా' అని. ఇంక రాబుద్ధి కాలేదు."

లెన్సును వెలుగుకు పట్టి చూసుకుని, మళ్ళీ తుడిచాడు.

"పెళ్ళిళ్ళెందుకు మానేశానో తెలుసా? ఈ ఊళ్ళో నేను తీసిన ఏ పెళ్ళి తిప్పినా ఎక్కడో ఒక మూల తనుంటది. పందిట్లో నీళ్ళు పోస్తూనో, పిల్లనెత్తుకోనో. తను నా కెమెరాకి అడ్డమొస్తే నేనే తిట్టేవాణ్ణి, 'పక్కకు పోవే' అని. అది కూడా రికార్డయింది. నా గొంతు."

కొట్టు ముందు ఆటో ఒకటి ఆగి, ఎవరూ ఎక్కకపోతే పోయింది.

"నువ్వు తీయాల్రా" అన్నాను. "ఇంకెవరికీ కనపడదు."

"తీస్తాలే, తీసినాక? బోనెక్కాలంటివి. ఏం అడుగుతారు?"

"రహిమ ఎట్టా పోయిందని అడుగుతారంట."

లెన్సు మూత పెట్టాడు. "లోక్ అదాలత్‌లో ఎందుకు సంతకం పెట్టొచ్చాననుకున్నావు? ఆ మాట నా నోటితో చెప్పాల్సొస్తదనే. గుంటూరాయన్నే పెట్టుకో యేసూ. పో."

లేచాను. గుమ్మం దిగాక ఎందుకో ఆగి, లోపలికి వినబడేట్టు చెప్పాను. "ఇప్పటికీ అన్నం ఒక్కటే వండుతదిరా. కూర వండదు. కూర మీ ఇంటి నించి రావాలని కూర్చుంటది."

అతను వెనక్కి తిరగలేదు.

వాయిదా దగ్గరికొచ్చింది. మాబు రాడనే అనుకుని, శ్యామ్ సుందర్‌కు మళ్ళీ ఫోన్ చేయడానికి నంబరు కాగితం జేబులో పెట్టుకున్నాను. అప్పుడు ఒక తెల్లవారుజామున పొగమంచులో సైకిల్ మోటారు ఆగిన చప్పుడైంది. మాబు. భుజాన కెమెరా సంచి, చేతిలో స్టాండు.

"ఎవరికీ చెప్పమాక. మీ అక్కకసలు చెప్పమాక" అన్నాడు. "తుడవద్దు, కడగొద్దు. రోజూ ఏం చేస్తావో అదే చెయ్యి. నన్ను చూడమాక."

మహిమ అప్పటికే నీలం గళ్ళ చొక్కా తొడుక్కుని బయల్దేరింది. ఆమె వెనక నేను, దూరంగా అతను. మలుపులో మంచు నడుం లోతున పట్టి ఉంది. ఆమె రోడ్డు వంక తిరిగి నిలబడింది. కాసేపటికి మంచులోంచి ఎవరో వచ్చి పక్కన నిలబడినట్టు కొంచెం జరిగి చోటిచ్చింది. ఆ పక్కకు తల వంచి ఏదో విన్నట్టు నవ్వింది. రోజూ చూసేదే. అయినా ఆరోజు కెమెరా అటు చూస్తుంటే, నేను కూడా ఆ చోటు వంకే చూశాను. చాలాసేపు చూశాను. డొంక దారిన ట్రాక్టరు చప్పుడు వినిపించి పోయింది. మహిమ ఆ చప్పుడు పోయిన వైపు తిరిగి, ఇంకా కాసేపు ఉండి, ఇంటిదారి పట్టింది.

రోజూ లాగే తాళం వేశాను. అది కూడా మాబు కెమెరాలో తీశాడు. కప్ప నొక్కిన చప్పుడు అంత పెద్దదని నాకు అప్పటిదాకా తెలియదు. నేను సందు మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూస్తే, అతను కిటికీకి ఎదురుగా స్టాండు వేసుకుని నిలబడి ఉన్నాడు.

మధ్యాహ్నం వచ్చేసరికి, అక్క కూలికి పోయి ఖాళీగా ఉన్న ఎదురింటి అరుగు నీడన కూర్చుని ఉన్నాడు. ముఖం కడుక్కున్నట్టుంది, చొక్కా ముందంతా తడి.

"అడిగిందా?" అన్నాను.

"అడిగింది."

"ఏం చెప్పావు?"

"కెమెరా నడుస్తంది గదరా. ఏం చెప్పలా."

తాళం తీసి లోపలికి పోయాం. అతను మూలన స్టాండు వేసి, మూడు కంచాలూ పడేట్టు కెమెరా పెట్టి, వెనక్కి జరిగాడు. చిన్న ఎర్రలైటు వెలిగింది. నేను నా చోట కూర్చున్నాను. మహిమ కంచాలు పెట్టింది. నాకు, తనకు, తన కుడిపక్కన రహిమున్నీసాకు. అన్నం వడ్డించింది. ఆవిరి లేచింది. ఆమె గుమ్మం వంక తిరిగి కూర్చుంది.

మా ఇంటి పెంకుల్లో ఒకచోట పగులుంది. ఎండ అందులోంచి దిగి నేల మీద బిళ్ళంత పడుతుంది. అది నా కంచం అంచున ఉండగా ఆమె కూర్చుంది. ఆ ఎండబిళ్ళ మెల్లగా కంచం దాటి నేల మీదకు వచ్చింది. అన్నం మీద ఆవిరి ఆగింది. గుమ్మంలోకి కోడి ఒకటి వచ్చి, మెడ తిప్పి చూసి పోయింది. సందులో ఎవరి చెప్పుల చప్పుడు వినబడినా మహిమ వీపు నిటారవుతుంది. చప్పుడు దాటిపోతే మళ్ళీ వంగుతుంది. లాయరు గారు చెప్పినట్టు ఇదే చాలు, ఇది చూస్తే జడ్జిగారికి తెలుస్తుంది అనుకున్నాను. అనుకుంటూనే, ఈ చూపు నా ఇంట్లోంచి పోయి కోర్టు హాల్లో అంతమంది ముందు ఆడుతుంది గదా అనిపించింది. శ్యామ్ సుందర్ బొమ్మలు నీళ్ళలోంచి లేవడం గుర్తొచ్చింది.

మహిమ గుమ్మం నుంచి చూపు తిప్పి, కెమెరా వెనక ఉన్న మాబును చూసింది.

"మాబన్నా, రహిమ కూర తేలేదా?"

మాబు కెమెరా మీద చెయ్యి వేశాడు. ఆపేస్తాడనుకున్నాను. వేలు ఎర్రలైటు దగ్గరికి పోయింది, అక్కడ ఆగింది. తర్వాత చెయ్యి తీసి, వంగి, కాళ్ళ దగ్గరున్న సంచి జిప్పు లాగాడు. లోపల వైర్ల కింద నుంచి ఒక స్టీలు బాక్సు తీశాడు. మూత మీద మిషనుతో కొట్టించిన పేరుంది. షేక్ రహిమున్నీసా. ఆ బాక్సు నాకూ తెలుసు. గట్టు మీద మహిమ అన్నం బాక్సు పక్కన ఎన్నిసార్లు చూశానో.

పొద్దుటి నుంచీ దాన్ని సంచిలో పెట్టుకునే తిరిగాడన్నమాట.

అతను కెమెరా ముందుకు వచ్చాడు. లైటు వెలుగుతూనే ఉంది.

"మాబూ, నడుస్తంది" అన్నాను మెల్లగా.

"నడవనీరా. ఆపితే కోసినట్టేనంటివిగా."

ఆ మూడో కంచం ముందు ఆగాడు. వీడియోలో ఇక్కడ కూర్చున్నదెవరని కోర్టులో అడుగుతారు. ఎందుకు కూర్చున్నావని అడుగుతారు. అది ఎవరి కంచమని, ఆమె ఏమైందని అడుగుతారు. ఒక్కొక్కదానికీ అతను నోరు విప్పి చెప్పాలి. అది నాకూ తెలుసు, అతనికీ తెలుసు. చెప్పులు లేని కాళ్ళు మడుచుకుని, ఆ కంచం ముందు కూర్చున్నాడు. బాక్సు మహిమ ముందుకు జరిపాడు.

మహిమ అతన్ని చూడలేదు. బాక్సును చూసింది. పేరు మీద వేలు పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు రాసింది. మూత తీసింది. వంకాయ ఎండురొయ్యలు. వంకాయ ముక్కలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, మగవాడు తరిగినట్టు ఉన్నాయి. అడుగున కొంచెం మాడిన వాసన.

ఆమె గరిటె తెచ్చి, ముందు నాకు వేసింది. తర్వాత ఆ మూడో కంచంలో వేసింది. చెయ్యి కాసేపు ఆ కంచం మీద అలాగే ఆగింది. తర్వాత తనకు వేసుకుంది. చల్లబడిన అన్నంలో కలిపి మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, నమలడం ఆపింది. నేనూ తిన్నాను. ఉప్పు లేదు. వేయడం మర్చిపోయినట్టున్నాడు.

మాబు తల ఎత్తలేదు. అతని ముద్ద చేతిలోనే ఉంది.

మహిమ ఎడంచేత్తో ఉప్పు డబ్బా అందుకుని, నేల మీద జరుపుతూ అతని కంచం పక్కన పెట్టింది. పెట్టి, గుమ్మం వంక చూడకుండా ఇంకో ముద్ద కలుపుకుంది.

మాబు ఉప్పు వేసుకున్నాడు. నేనూ వేసుకున్నాను. మూలన ఎర్రలైటు వెలుగుతూ ఉంది. తాళం కప్ప గుమ్మం పక్కన నేల మీద నోరు తెరుచుకుని పడి ఉంది. ముగ్గురం కంచాలు ఖాళీ అయ్యేదాకా తిన్నాం.